2018-19 సెయింట్ లూయిస్ బ్లూస్: జనవరిలో చిట్టచివర ఉన్న టీమ్ జూన్‌లో కప్పు ఎలా గెలిచింది?

కొత్త_సెయింట్‌లూయిస్:

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ నుంచి ఈమధ్యే సెయింట్ లూయిస్ వచ్చాం, చెస్టర్‌ఫీల్డ్ వైపు ఉంటున్నాం. నాకు క్రికెట్ తప్ప వేరే ఆట పెద్దగా తెలీదు. ఇక్కడ ఆఫీసులో మాత్రం ఏ మాట మొదలుపెట్టినా తిరిగి తిరిగి 2019లో ఇక్కడి ఐస్ హాకీ టీమ్ బ్లూస్ గెలిచిన కప్పు దగ్గరికే వస్తోంది. మా మేనేజర్ టేబుల్ మీద రెండు ఫ్రేములున్నాయి. ఒకదాంట్లో జనవరి 3, 2019 నాటి పాయింట్ల పట్టిక, అందులో చిట్టచివర ఉన్న బ్లూస్ పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. రెండోది కప్పు పట్టుకున్న ఫోటో. నేను అడిగితే ఆయన చెప్పడం మొదలుపెట్టారు, సగంలో గొంతు పట్టేసింది, "రేపు చెప్తాను" అని ఆపేశారు. నలభై ఐదేళ్ల మనిషి. అప్పట్నుంచి నాకు ఇదేంటో పూర్తిగా తెలుసుకోవాలని ఉంది.

31 టీముల్లో 31వ స్థానంలో ఉన్న టీమ్ ఐదు నెలల్లో ఛాంపియన్ ఎలా అయింది? అంతా అదృష్టమేనా? ఇంకోటి, ఊళ్లో చాలామంది టీషర్టుల మీద "గ్లోరియా" అని ఉంటోంది, ఆమె ఎవరు? రూల్స్ కొంచెం వివరంగా చెప్తే నాకు అర్థమవుతుంది, లింకులు వద్దు, చూసినవాళ్లు తమ మాటల్లో చెప్పండి ప్లీజ్.

మంచు_బాబాయ్:

మంచి ప్రశ్న అడిగారు. నేను ఇక్కడికి 2009లో వచ్చాను, ఆ సీజన్‌లో దాదాపు ప్రతి మ్యాచ్ చూశాను, నాలుగు ఆటలకి స్టేడియంకి కూడా వెళ్లాను.

ముందు రూల్స్ రెండు ముక్కల్లో. ఒక్కో టీమ్ ఆ సీజన్‌లో 82 మ్యాచ్‌లు ఆడింది. గెలిస్తే 2 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే 1, మామూలుగా ఓడితే సున్నా. 16 టీములు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అక్కడ నాలుగు రౌండ్లు, ప్రతి రౌండ్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి. అంటే కప్పు కావాలంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా 16 మ్యాచ్‌లు గెలవాలి. మన ఐపీఎల్‌లోలాగా ఒక్క రాత్రి బాగా ఆడితే సరిపోదు.

ఇప్పుడు ఊరి సంగతి, అది తెలియకపోతే మీ మేనేజర్ గొంతు ఎందుకు పట్టేసిందో అర్థం కాదు. బ్లూస్ 1967లో పుట్టింది. మొదటి మూడేళ్లూ, 1968, 69, 70ల్లో, ఫైనల్‌కి వెళ్లింది, మూడుసార్లూ ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా 4-0తో ఓడింది. 1970లో ఓడించింది బోస్టన్. బాబీ ఓర్ గోల్ కొట్టి గాల్లో ఎగిరినట్టున్న ఫోటో ఉంటుంది చూడండి, హాకీ చరిత్రలో అంత పేరున్న ఫోటో ఇంకోటి లేదు, ఆ గోల్ పడింది బ్లూస్ మీదే. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు మళ్లీ ఫైనల్ ముఖం చూడలేదు. మధ్యలో 2016లో ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ రామ్స్ సామాన్లు సర్దుకుని లాస్ ఏంజిలెస్ వెళ్లిపోయింది. 2018 ఏప్రిల్‌లో బ్లూస్ ఆఖరి మ్యాచ్ కొలరాడో చేతిలో ఓడి, ఒకే ఒక్క పాయింట్ తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది.

అందుకే ఆ వేసవిలో డబ్బు ఖర్చుపెట్టి మంచి ఆటగాళ్లని తెచ్చారు. బఫలో నుంచి రయన్ ఓ'రైలీ వచ్చాడు. ఓడి ఓడి ఆట మీద ప్రేమే పోయిందని అక్కడ బయటికే చెప్పుకున్న మనిషి. ప్యాట్ మరూన్ ఇక్కడివాడే, కొడుకు దగ్గర ఉండొచ్చని ఏడాది కాంట్రాక్టుకి ఒప్పుకుని వచ్చాడు. అందరం ఈసారి గట్టి టీమ్ అనుకున్నాం. తీరా చూస్తే నవంబర్ 19న కోచ్‌గా ఉన్న మైక్ యోను తీసేశారు, క్రెయిగ్ బెరూబీని తాత్కాలికంగా పెట్టారు. డిసెంబర్‌లో ప్రాక్టీస్‌లోనే ఇద్దరు సొంత ఆటగాళ్లు గ్లవ్స్ పడేసి కొట్టుకున్నారు, అది వీడియోలో ఊరంతా చూసింది. జనవరి 3 ఉదయానికి 37 మ్యాచ్‌లు, 34 పాయింట్లు, మొత్తం లీగ్‌లో ఆఖరు. మా పక్కింటాయన, ఇప్పుడు డెబ్బై దాటాయి, ఆ వారం తన సీజన్ టికెట్లు నాకు ఊరికే ఇచ్చేశారు, "నాకు చూసే ఓపిక లేదు" అని.

ఇక గ్లోరియా. జనవరి 6న టీమ్ ఫిలడెల్ఫియాలో ఉంది. కొందరు ఆటగాళ్లు అక్కడొక క్లబ్బులో ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ చూస్తున్నారు. విరామం వచ్చినప్పుడల్లా ఒకతను "గ్లోరియా వెయ్యి" అని అరుస్తుంటే డీజే ఆ పాత పాట వెయ్యడం, లోపలున్నవాళ్లంతా ఊగిపోవడం. 1982లో లారా బ్రానిగన్ పాడిన పాట అది. మనవాళ్లకి అది తెగ నచ్చేసింది, ఇక గెలిచినప్పుడల్లా డ్రెస్సింగ్ రూమ్‌లో ఇదే పాట అనుకున్నారు. ఆ మర్నాడే, జనవరి 7న, జోర్డన్ బినింగ్టన్ అనే 25 ఏళ్ల గోలీకి (గోల్‌కీపర్‌కి) మొదటిసారి మ్యాచ్ మొదలుపెట్టే ఛాన్స్ ఇచ్చారు. సీజన్ మొదట్లో టీమ్ లెక్కలో నాలుగో గోలీ అతను. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, 3-0 గెలుపు. తర్వాత ఫిబ్రవరి 19 దాకా వరసగా 11 మ్యాచ్‌లు గెలిచారు, టీమ్ చరిత్రలోనే అది రికార్డు. సీజన్ ముగిసేసరికి 99 పాయింట్లు, డివిజన్‌లో మూడో స్థానం.

ప్లేఆఫ్స్ అంతా చెప్తే తెల్లారిపోతుంది గానీ ఒక్క రాత్రి గురించి చెప్పి తీరాలి. మే 7, డాలస్‌తో ఏడో మ్యాచ్, రెండో రౌండ్. పక్కింటాయన టికెట్‌తో నేను ఆ రాత్రి స్టేడియంలో ఉన్నాను. డాలస్ గోలీ బెన్ బిషప్ కూడా సెయింట్ లూయిస్‌లో పెరిగినవాడే, ఆ రాత్రి అతన్ని దాటి ఏదీ లోపలికి పోవడం లేదు, 52 షాట్లు ఆపాడు. 1-1 దగ్గర ఆగిపోయింది. మొదటి ఓవర్‌టైమ్ అయిపోయింది. రెండోది మొదలైంది. నా ముందు వరసలో ఒకావిడ ఐస్ వైపు చూడలేక, తల వంచుకుని భర్త చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చుంది. 19 ఏళ్ల రాబర్ట్ థామస్ కొట్టిన షాట్ గోల్ పోస్టుకి తగిలింది. పోస్టుకి పక్ (బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) తగిలితే గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు ఖంగుమంటుంది, అంత జనంలో కూడా వినపడింది. వెనక్కొచ్చిన పక్ బిషప్‌కి తగిలి గోల్ లైన్ పక్కన పడింది. అక్కడున్నది మరూన్. సొంతూరివాడు, సొంతూరి గోలీ మీద, తోసేశాడు లోపలికి. ఆ ఒక్క క్షణం శబ్దమే లేదు, ఎవరికీ నమ్మకం కుదర్లేదు, ఆ తర్వాత పైకప్పు లేచిపోయిందనుకున్నాను. ఆవిడ భర్తని వదిలేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనెవరో ఆమెకి తెలీదు.

లెక్కల_మనిషి:

బాబాయ్ గారు చాలా బాగా రాశారు, చదువుతుంటే మళ్లీ ఒళ్లు జలదరించింది. కానీ "అదృష్టమేనా" అన్న ప్రశ్నకి నేను గట్టిగా కాదనే చెప్తాను. అలాగే అంతా బినింగ్టన్ ఒంటిచేత్తో గెలిపించాడన్న మాట కూడా ఒప్పుకోను, ఇక్కడ చాలామంది అలాగే చెప్తారు కాబట్టి ఇది రాస్తున్నాను.

చూడండి, రెగ్యులర్ సీజన్‌లో బినింగ్టన్ అద్భుతం, 24 గెలుపులు, వచ్చిన షాట్లలో 92.7 శాతం ఆపాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి అది 91.4. మంచిదే, మాయాజాలం మాత్రం కాదు. బోస్టన్‌తో ఫైనల్ మూడో మ్యాచ్‌లో 5 గోల్స్ ఇచ్చాక అతన్ని మధ్యలోనే బయటికి పిలిచేశారు, బోస్టన్ 7-2తో గెలిచింది. ఆ నంబర్లతో కప్పు గెలిచారంటే ముందున్న 18 మంది ఏదో చేశారనే కదా.

వాళ్లు చేసింది చెప్పుకోవడానికి సింపుల్, చెయ్యడానికి నరకం. పక్‌ని ఎదుటివాళ్ల చివరిదాకా కొట్టి పంపడం, వెనకే పరిగెత్తి దాన్ని తియ్యడానికి వంగిన డిఫెండర్‌ని గోడకేసి గుద్దడం. మొదటి మ్యాచ్‌లో దీని ఫలితం కనపడదు. ఐదో మ్యాచ్‌కి కనపడుతుంది, డిఫెండర్ పక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, ఆ అర సెకను చాలు. శాన్ హోసేతో మూడో రౌండ్ అదే. మూడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో శాన్ హోసే ఆటగాడు పక్‌ని చేత్తో తోశాడు, అది రూల్ ప్రకారం చెల్లదు, రిఫరీలు చూడలేదు, గోల్ ఇచ్చేశారు. ఇంకో టీమ్ అయితే అక్కడే కూలిపోయేది. బెరూబీ రచ్చ చెయ్యకుండా పక్కన పెట్టెయ్యమన్నాడు, తర్వాత మూడు మ్యాచ్‌లు 2-1, 5-0, 5-1. ఆరో మ్యాచ్‌కి శాన్ హోసేలో పవెల్స్కీ, హెర్టల్, కార్ల్‌సన్ ముగ్గురూ గాయాలతో దిగలేకపోయారు.

నన్నడిగితే ఆ సీజన్ మొత్తానికి అసలు మనిషి ఓ'రైలీ. సీజన్‌లో 77 పాయింట్లు (ఆటగాడికైతే గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి లెక్క), డిఫెన్స్ కూడా బాగా ఆడే ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీ, ప్లేఆఫ్స్‌లో 23 పాయింట్లు, చివరికి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్. డాలస్ సిరీస్ నుంచి పక్కటెముక చిట్లి ఉందని తర్వాత బయటపడింది. ఆ ఎముకతోనే ఫైనల్లో వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో గోల్స్ కొట్టాడు. 1985లో హాకీ దిగ్గజం గ్రెట్జ్‌కీ తర్వాత అలా చేసినవాడు ఇంకొకడు లేడు. ఆట మీద ప్రేమ పోయిందన్నవాడు ఏడాది తిరక్కుండా ఇలా ఆడాడు, నాకు ఆ సీజన్‌లో అన్నిటికంటే ఎక్కువ గుర్తుండేది అదే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది మొదటి రౌండ్‌లోనే నాలుగు డివిజన్ల విజేతలూ ఇంటికెళ్లిపోయారు. టాంపా బే 62 గెలుపులు, 128 పాయింట్లతో వచ్చి కొలంబస్ చేతిలో 4-0తో ఓడింది. దారి కొంత ఖాళీ అయిన మాట నిజమే, ఆ మేరకు అదృష్టం అంటే ఒప్పుకుంటాను. అయినా జనవరి 3 తర్వాత 45 మ్యాచ్‌ల్లో 65 పాయింట్లు తెచ్చుకున్న టీమ్‌ని ఆఖరి టీమ్ అనడం తప్పు. ప్లేఆఫ్స్ మొదలయ్యేసరికి వాళ్లు లీగ్‌లో అందరికంటే బాగా ఆడుతున్న టీముల్లో ఒకటి.

బోస్టన్_నుంచి_ఒకడు:

నేను అవతలి వైపు నుంచి రాస్తున్నా, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోకండి. బోస్టన్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నా, బ్రూయిన్స్ అభిమానిని, ఆ జూన్ ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది.

మీకు గ్లోరియా ఎలాగో మాకు ఛారా అలాగ. జెడెనో ఛారా, మా కెప్టెన్, 42 ఏళ్లు. సెయింట్ లూయిస్‌లో ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో పక్ తన కర్రకే తగిలి లేచి దవడకి కొట్టుకుంది, ఐస్ మీద రక్తం కారింది. దవడ విరిగిందన్నారు. ఐదో మ్యాచ్‌కి ఇక్కడ ఆటగాళ్ల పేర్లు చదువుతుంటే, ముఖానికి పూర్తి కవచం పెట్టుకుని ఆయన వచ్చి నిలబడ్డాడు. నిమిషం పాటు చప్పట్లు ఆగలేదు. ఆ మ్యాచ్‌లోనే మా అచారి కాళ్లు బ్లూస్ ఆటగాడు లాగేసి పడేస్తే రిఫరీలు ఊదలేదు, ఆట ఆపలేదు, వెంటనే వాళ్ల పెరాన్ గోల్ కొట్టాడు, మేం 2-1తో ఓడాం. పైన లెక్కల ఆయన చేత్తో తోసిన గోల్ గురించి రాశారు కాబట్టి ఇదీ రాయాలనిపించింది. రెండూ తప్పులే.

ఏడో మ్యాచ్ మాత్రం మేమే పోగొట్టుకున్నాం, అందులో ఎవర్నీ అనేది లేదు. జూన్ 12, సొంత మైదానం, మొదటి పీరియడ్ (ఆటలో మూడు భాగాల్లో మొదటిది) మొత్తం మాదే. 12 షాట్లు కొట్టాం, వాళ్లవి 4. నేనూ నా రూమ్మేటూ సోఫా అంచున కూర్చుని "ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు" అంటూనే ఉన్నాం. వాళ్ల నాలుగు షాట్లలో రెండు లోపలికి పోయాయి. రెండోది పీరియడ్ అయిపోవడానికి 8 సెకన్లు కూడా లేనప్పుడు, మా మార్చండ్ తన బదులు ఇంకొకడు రావడానికి బెంచి వైపు వెళ్లిపోతే ఆ ఖాళీలోంచి వాళ్ల పియెట్రాంజెలో దూరి కొట్టాడు. మూడో పీరియడ్‌లో మా నార్డ్‌స్ట్రోమ్ ముందు గోల్ సగం తెరిచి ఉంది, బినింగ్టన్ పడుకుని కాలు చాచి ఆపాడు. అది పోయుంటే 2-1. కాసేపటికే వాళ్ల షెన్ కొట్టాడు, 3-0. అప్పుడు నా రూమ్మేట్ లేచి కిచెన్‌లోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. 4-1.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎక్కువ చెప్పరు. ముందటేడాది బ్లూస్‌కి సొంత చిన్న టీమ్ (కింది లీగ్‌లో ఆడే అనుబంధ టీమ్) లేక బినింగ్టన్‌ని ప్రొవిడెన్స్‌కి అప్పిచ్చారు. ప్రొవిడెన్స్ మా బ్రూయిన్స్ చిన్న టీమ్. ఏడాది పాటు మా జెర్సీ వేసుకుని, మా కోచ్‌ల దగ్గర ఆడి, మరుసటేడే మా ఇంట్లోనే కప్పు తీసుకెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో కెనడా తరఫున అమెరికా మీద నాలుగు దేశాల టోర్నీ ఫైనల్ కూడా ఇదే మైదానంలో ఓవర్‌టైమ్‌లో గెలిచాడు. అప్పుడు మాత్రం నేను లేచి చప్పట్లు కొట్టాను.

ఓఫాలన్_అక్క:

నాకు ఆటలో లోతులు తెలీవు, మా ఇంట్లో ఆ జూన్ ఎలా గడిచిందో చెప్తాను. అప్పుడే క్రికెట్ వరల్డ్ కప్ కూడా నడుస్తోంది, ఇంగ్లండ్‌లో. జూన్ 9 ఆదివారం పొద్దున్నే మావారు, ఆయన స్నేహితులు ఇండియా-ఆస్ట్రేలియా మ్యాచ్ చూశారు, ధావన్ 117 కొట్టాడు, గెలిచాం. అదే రోజు సాయంత్రం బ్లూస్ ఇక్కడే గెలిస్తే కప్పు. ఉప్మా తిన్న జనమే బిర్యానీకి కూడా ఉండిపోయారు, మా అబ్బాయి పొద్దున ఇండియా జెర్సీ, సాయంత్రం బ్లూస్ జెర్సీ. 5-1తో ఓడిపోయారు. వాడప్పుడు ఎనిమిదేళ్లవాడు, అన్నం తినకుండా పడుకున్నాడు.

బుధవారం ఏడో మ్యాచ్ బోస్టన్‌లో అయినా ఇక్కడ స్టేడియంలో పెద్ద తెర మీద వేస్తే జనం నిండిపోయారు, పక్కన బేస్‌బాల్ మైదానం బుష్ స్టేడియంలో కూడా వేశారు. మేం ఇంట్లోనే చూశాం. ఆఖరి నిమిషంలో మావాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు విరిగింది. అయిపోగానే వీధిలోకొచ్చి చూస్తే అన్ని తలుపులూ తెరుచుకుని ఉన్నాయి, అందరూ బయటే ఉన్నారు, కార్ల హారన్లు, ఎక్కడ్నుంచో ఆ గ్లోరియా పాట. ఎదురింటివాళ్లతో మూడేళ్లలో హలో తప్ప మాట్లాడింది లేదు, ఆ రాత్రి వాళ్ల మెట్ల మీద కూర్చుని పన్నెండింటిదాకా మాట్లాడుకున్నాం.

శనివారం, జూన్ 15న, మార్కెట్ స్ట్రీట్‌లో ఊరేగింపు. ఆటగాళ్లు బళ్లు దిగి జనంలోకి నడిచొచ్చారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఒక పెద్దాయన. పాతబడి రంగు పోయిన బ్లూస్ జెర్సీ, చేతిలో వాళ్ల నాన్నగారి ఫోటో ఫ్రేమ్. కప్పు మా ముందుగా వెళ్తున్నప్పుడు ఆ ఫ్రేమ్‌ని రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకున్నాడు, ఫోటో ముఖం కప్పు వైపు తిప్పి.

మంచు_బాబాయ్:

అక్కా, ఇది చదివాక నేను మా పక్కింటాయన గురించి రాయకుండా ఉండలేను. కప్పు గెలిచిన మర్నాడు పొద్దున ఆయన పేపరు రెండు కాపీలు కొన్నారు. ఒకటి నాకిచ్చారు. రెండోది వాళ్ల నాన్న సమాధి దగ్గర పెట్టడానికి వెళ్తున్నానన్నారు, 1967లో మొదటి సీజన్ టికెట్లు కొన్నది ఆయనే. కారులో ఒక్కరే వెళ్తుంటే నేనూ ఎక్కాను. అక్కడ ఆయన నిలబడి మొదటి పేజీ మొత్తం పైకి చదివారు, స్కోర్లతో సహా.

@కొత్త_సెయింట్‌లూయిస్, ఏ మ్యాచ్ చూడాలో మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఏడో మ్యాచ్‌తో మొదలుపెట్టకండి, ముందు డాలస్ మ్యాచ్ చూడండి, ఓవర్‌టైమ్‌తో సహా పూర్తిగా, హైలైట్స్ వద్దు. తర్వాత ఫైనల్ రెండో మ్యాచ్. ఫైనల్లో బ్లూస్ జన్మలో గెలిచిన మొదటి మ్యాచ్ అదే, ఓవర్‌టైమ్‌కి ముందు విరామంలో బ్లూస్ ఆటగాడు గన్నర్‌సన్ బాత్రూమ్‌లో కోచ్‌తో "ఇంకొక్క ఛాన్స్ చాలు" అని, వెళ్లి నిజంగానే కొట్టాడు.

కొత్త_సెయింట్‌లూయిస్:

అందరికీ చాలా చాలా థాంక్స్. బోస్టన్ అన్నా, మీకు ప్రత్యేకంగా, మీరు రాయకపోతే సగమే తెలిసేది. నిన్న రాత్రి నేనూ మా ఆవిడా డాలస్ మ్యాచ్ పెట్టాం. పక్ ఎటు పోతోందో మొదటి అరగంట కళ్లకి అందనే లేదు, తర్వాత అలవాటైంది. పోస్టుకి తగిలిన ఆ ఖంగుమనే చప్పుడు మాకూ వినపడింది బాబాయ్ గారూ, సౌండ్ పెంచి రెండోసారి విన్నాం.

పొద్దున ఆఫీసుకి వెళ్లి మేనేజర్‌కి "నిన్న మరూన్ గోల్ చూశాను" అని చెప్పాను. ఆయన కుర్చీ లాక్కొచ్చి నా డెస్క్ పక్కన వేసుకుని, "ఆ రాత్రి నువ్వు ఎక్కడున్నావో కాదు, నేను ఎక్కడున్నానో చెప్తా విను" అని మొదలుపెట్టారు. పది గంటల మీటింగ్ పదిన్నరకి మొదలైంది.